రెండో గిటార్ కొనే ముందు

"ఉన్నదాన్నే సక్కగ వాయిస్త లేవు, ఇంకోటెందుకు బిడ్డా?"

రెండో ఎలక్ట్రిక్ గిటార్ కొంటానన్న రోజు మా అమ్మ అన్న మాట ఇది. అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడు హన్మకొండలో మా ప్రాక్టీసు గదికి వచ్చి "అన్నా, రెండోది ఏం తీసుకోమంటవ్?" అని అడిగే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇంచుమించు అదే. కాకపోతే కొంచెం మర్యాదగా, కొంచెం వివరంగా చెబుతాను. ఆ వివరమే ఇక్కడ రాస్తున్నాను.

మీ దగ్గర ఒక ఎలక్ట్రిక్ గిటార్, చిన్న యాంప్ ఉన్నాయి, రెండు మూడేళ్లుగా వాయిస్తున్నారు, పవర్ కార్డులు (రాక్‌లో రెండు మూడు స్ట్రింగ్స్ కలిపి కొట్టే స్వరాలు) బాగానే పడుతున్నాయి అనుకుంటున్నాను. మన దిక్కు చాలామంది మొదటి గిటార్ ఒకేలా ఉంటుంది. స్ట్రాటోకాస్టర్ ఆకారం, స్ట్రింగ్స్ కదలికను పట్టే మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు, యాంప్‌తో కలిపి ఒకే డబ్బాలో వచ్చిన సెట్. నాదీ అదే. నేను నేర్చుకున్నది కాజీపేటలో, చర్చి కోయిర్‌లో వాయించే ఒక పెద్దాయన దగ్గర. ఆయనకు ఒకటే గిటార్ ఉండేది, అది చాలనుకునేవాడు. తప్పేం లేదు. క్వీన్ బ్యాండ్‌లో వాయించే బ్రయాన్ మే 1963లో వాళ్ల నాన్నతో కలిసి ఇంట్లోనే ఒక గిటార్ చేయడం మొదలుపెట్టాడు. దాని నెక్‌ని పాత ఫైర్‌ప్లేస్ చెక్క నుంచి చెక్కారు. స్టేడియాల్లో దశాబ్దాల తరబడి ఎక్కువగా ఆ గిటార్‌నే వాయించాడు.

కాబట్టి రెండోది లేకపోతే రాక్ రాదని కాదు. మొదటిది చేయలేని పని ఒకటి కచ్చితంగా మీకు కనబడితేనే రెండోది దండగ కాదు. ఆ పని ఏదో ముందు తేల్చుకోవాలి. గిటార్ పేరు, రంగు, కంపెనీ అన్నీ దాని తర్వాతే.

ముందు పాతదానికి సెటప్

కొత్త గిటార్ మీద మనసుపడ్డ వాళ్ల బాధలో సగం నిజానికి పాత గిటార్‌కు సెటప్ లేకపోవడం. ఎనిమిది నెలలుగా అవే స్ట్రింగ్స్, తుప్పు పట్టి నల్లబడి ఉంటాయి. కొత్త సెట్ వేయండి. 9-42 గాని 10-46 గాని (సన్న స్ట్రింగ్, లావు స్ట్రింగ్ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), ఇప్పుడున్న సైజే వేయండి. ఆ తర్వాత మూడు విషయాలు చూడండి.

మొదటిది యాక్షన్, అంటే ఫ్రెట్‌కు, స్ట్రింగ్‌కు మధ్య ఎత్తు. 12వ ఫ్రెట్ దగ్గర, ఫ్రెట్ పైభాగం నుంచి స్ట్రింగ్ అడుగు దాకా కొలవాలి. లావు ఇ స్ట్రింగ్ దగ్గర 2 మిల్లీమీటర్లు, సన్న ఇ దగ్గర 1.5 ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. పిల్లల జామెట్రీ బాక్సు స్కేలుతో కొలవకండి. దానికి సున్నా గీతకు ముందు కొంత ఖాళీ ఉంటుంది. అంచు నుంచే సున్నా మొదలయ్యే స్టీలు స్కేలు కావాలి.

రెండోది నెక్ వంపు. లావు స్ట్రింగ్‌ని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి పట్టండి. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర స్ట్రింగ్ కింద ఒక విజిటింగ్ కార్డు మందం సందు ఉండాలి. అసలు లేకపోయినా, చాలా ఎక్కువున్నా ట్రస్ రాడ్, అంటే నెక్ లోపలుండే కడ్డీ, తిప్పాలి. అలెన్ కీతో ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకండి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకుండా వదిలేయండి, తెలిసినవాళ్లకు చూపించండి.

మూడోది ఇంటొనేషన్, అంటే నెక్ పొడవునా శ్రుతి సరిగ్గా ఉండటం. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (స్ట్రింగ్‌ని నొక్కకుండా వేలు తాకించి మోగించే స్వరం) వాయించి ట్యూనర్ చూడండి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి చూడండి. నొక్కినప్పుడు శ్రుతి ఎక్కువ చూపిస్తే బ్రిడ్జి మీద ఆ స్ట్రింగ్ ఆనే ముక్కని, అంటే శాడిల్‌ని, నెక్‌కు దూరంగా, వెనక్కి జరపాలి. తక్కువ చూపిస్తే ముందుకు.

ఇంకోటి, సింగిల్ కాయిల్ పికప్‌ని స్ట్రింగ్స్‌కు మరీ దగ్గరగా ఎత్తి పెడితే అయస్కాంతం స్ట్రింగ్‌ని లాగుతుంది. పై ఫ్రెట్లలో స్వరం వణికినట్టు, శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. పికప్ స్క్రూలు రెండు చుట్లు తిప్పి కిందికి దించితే సరిపోయే జబ్బు ఇది. ఇంత చేశాక "ఇక కొత్తది వద్దన్నా" అని వెళ్లిపోయినవాళ్లు నాకు తెలిసే ఇద్దరు ముగ్గురున్నారు.

ఏం లోటో రాసుకోండి

సెటప్ అయ్యాక కూడా కొనాలనే అనిపిస్తుంటే రెండు వారాలు ఒక నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి. వాయిస్తున్నప్పుడు గిటార్ మిమ్మల్ని ఎక్కడ ఆపిందో ఒక్క ముక్కలో రాయండి. మీరు తప్పు వాయించింది కాదు, గిటార్ ఆపింది.

నా నోట్‌బుక్‌లో అప్పట్లో ఇలా ఉండేది: గెయిన్ (డిస్టార్షన్ పెంచే నాబ్) పెంచగానే గుయ్‌మంటోంది. పామ్ మ్యూట్ చేస్తే (అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర ఆనించి వాయిస్తే) పలచగా ఉంది. డ్రాప్ డి (లావు ఇ స్ట్రింగ్‌ని డికి దించడం) పాటకోసారి ట్యూనింగ్ మార్చాలి, ఈలోపు డ్రమ్మర్ ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంకో లైనుంది, సిగ్గు విడిచి చెబుతున్నా: వీడియోలో ఒకాయన గిటార్ సన్‌బర్స్ట్ రంగు అదిరింది.

ఆ చివరి లైనులాంటివి మీ దగ్గర ఉంటే కొట్టేయండి. మిగిలినవాటిలో ఎక్కువసార్లు వచ్చిన మాటే మీరు కొనాల్సిన గిటార్‌ని చెబుతుంది. గుయ్‌మనే చప్పుడు, పలచదనం వస్తే హంబకర్ అనే రకం పికప్ కావాలి, అదేమిటో కింద చెబుతాను. ట్యూనింగ్ గొడవైతే ఏ గిటారైనా సరే, ఇంకో ట్యూనింగ్‌లో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. 17వ ఫ్రెట్ దాటితే చెయ్యి అందట్లేదంటే బాడీకి రెండు వైపులా లోతుగా కోత ఉన్నది కావాలి, బహుశా 24 ఫ్రెట్లది. స్టేజీ మీద స్ట్రింగ్ తెగి ఆగిపోయారంటే మీకు కావాల్సింది స్పేర్ గిటార్, దానికి ఎక్కువ ఖర్చు పెట్టకండి.

హంబకర్ అంటే ఏమిటి, మనకెందుకు

రాక్ వాయించేవాళ్లకు అసలు తేడా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టిన కాయిల్. పైన స్టీలు స్ట్రింగ్ కదిలితే కాయిల్‌లో చిన్న కరెంటు పుడుతుంది, అది యాంప్‌కు పోతుంది. చిక్కేమిటంటే ఆ కాయిల్ స్ట్రింగ్‌ని మాత్రమే కాదు, గదిలో ఉన్న కరెంటు వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, పాత ట్యూబ్‌లైట్ చోక్, ఫ్యాన్ రెగ్యులేటర్ అన్నింటినీ వింటుంది. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్. ఆ గుయ్‌మనే శబ్దం దానిదే, దాని రెట్టింపులదే. క్లీన్ సౌండ్‌లో అది దాగిపోతుంది. డిస్టార్షన్ అంటే చిన్న శబ్దాన్ని కూడా పెద్దది చేసేది కదా, దాంతో పాటు ఈ గుయ్ కూడా పెరుగుతుంది.

ఒకసారి ఇంట్లో చేసి చూడండి. గెయిన్ పెంచి, స్ట్రింగ్స్‌ని అరచేత్తో ఆపి, గిటార్ పట్టుకుని కుర్చీలో మెల్లగా తిరగండి. ఒక దిక్కుకు తిరిగితే గుయ్ ఎక్కువవుతుంది, ఇంకో దిక్కుకు దాదాపు పోతుంది. మా గదిలో కిటికీ వైపు తిరిగితే నిశ్శబ్దం, మీటర్ బోర్డు వైపు తిరిగితే తేనెతుట్టె కదిలినట్టే. ఆ గదిలో ఏడాదిపాటు కిటికీ వైపు మొహం పెట్టే వాయించాను, డ్రమ్మర్‌కు వీపు చూపిస్తూ.

గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో దీనికి ఉపాయం కనిపెట్టాడు. రెండు కాయిల్స్‌ని పక్కపక్కన పెట్టి, గుయ్ ఒకదానిలో పైకి పోతే రెండోదానిలో కిందికి పోయేలా కలిపాడు, రెండూ కొట్టుకుపోతాయి. అయస్కాంతాల ధ్రువాలు కూడా తిరగేశాడు కాబట్టి స్ట్రింగ్ శబ్దం మాత్రం కొట్టుకుపోదు, ఒకదానికొకటి తోడవుతుంది. అదే హంబకర్. 1957 నుంచి గిబ్సన్ వాళ్ల లెస్ పాల్ గిటార్లలో వచ్చింది. గుయ్ తగ్గించడానికి చేసిన పనే, కాని దానివల్ల శబ్దం లావైంది, యాంప్‌లోకి పోయే బలం పెరిగింది, పై కొసలోని మెరుపు కొంచెం తగ్గింది. భారీ రాక్ టోన్ అని మనం అనుకునేది చాలావరకు దీని చలవే.

దీని అర్థం సింగిల్ కాయిల్ రాక్‌కు పనికిరాదని కాదు. జిమి హెండ్రిక్స్ చేతిలో ఉన్నది స్ట్రాట్, అంటే స్ట్రాటోకాస్టరే. జిమ్మీ పేజ్ లెస్ పాల్‌కు పేరుపడ్డాడు గాని, తన బ్యాండ్ లెడ్ జెప్లిన్ 1969 నాటి తొలి ఆల్బమ్‌లో ఎక్కువగా వాయించింది టెలికాస్టర్. రెంటికీ మధ్యలో పి-90 అనే పికప్ కూడా ఉంది. కాయిల్ ఒకటే, కాని వెడల్పుగా, కాస్త గరుకుగా పలుకుతుంది. గుయ్ మాత్రం ఉంటుంది. పంక్, గరాజ్ రాక్ ఇష్టమైతే దాన్ని కూడా విని చూడండి.

ఇంకో దారి కూడా చెప్పాలి, కొట్టువాళ్లు చెప్పరు కాబట్టి. మీ లోటు గుయ్ ఒక్కటే అయితే, సింగిల్ కాయిల్ సైజులోనే ఇమిడే హంబకర్లు దొరుకుతాయి. పాత గిటార్ బ్రిడ్జి పికప్ తీసి అది పెట్టించుకోవచ్చు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చినవాళ్లకు ఒక సాయంత్రం పని. రెండో గిటార్ ఖర్చులో చిన్న భాగంతో తీరిపోతుంది.

స్ట్రింగ్స్‌ని తాకితే గుయ్ తగ్గుతోందంటే భయపడకండి, అది మామూలే, మీ ఒళ్లే షీల్డులా పనిచేస్తోంది. కాని స్ట్రింగ్ పట్టుకుని మైకుకు పెదవి తగిలితే చురుక్కుమంటోందంటే అది గిటార్ సమస్య కాదు, ఎర్తింగ్ సమస్య. పాత ఇళ్లలో, టెంట్‌హౌస్ వైరింగ్‌లో మూడో పిన్ను ఉత్తదే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ సరిచేయించేదాకా అక్కడ వాయించొద్దు. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను.

స్కేలు పొడవు

కాయితం మీద చిన్న అంకె, చేతికి పెద్ద తేడా. నట్ (తల దగ్గర స్ట్రింగ్స్ ఆనే గాట్ల పట్టీ) నుంచి బ్రిడ్జి దాకా స్ట్రింగ్ మోగే పొడవును స్కేలు అంటారు. ఫెండర్ రకాలకు (స్ట్రాట్, టెలికాస్టర్) 648 మిల్లీమీటర్లు, గిబ్సన్ రకాలకు (లెస్ పాల్, ఎస్‌జీ) సుమారు 628. అదే స్ట్రింగ్, అదే శ్రుతి అయితే పొట్టి స్కేలు మీద బిగువు దాదాపు 6 శాతం తగ్గుతుంది. స్ట్రింగ్‌ని వంచడం తేలిక, వేళ్లు చిన్నవైనవాళ్లకు ఫ్రెట్లు దగ్గరగా దొరుకుతాయి. అందుకే ఫెండర్ రకం మీద 9-42 వాడేవాళ్లు గిబ్సన్ రకం మీద 10-46 వేసుకుంటే చేతికి కొత్తగా అనిపించదు.

మీరు శ్రుతి కిందికి దించి వాయించేవాళ్లైతే లెక్క తిరగబడుతుంది. లావు ఇ స్ట్రింగ్‌ని డికి, ఇంకా కిందికి దించితే పొట్టి స్కేలు మీద స్ట్రింగ్ వదులై బట్టలు ఆరేసే తీగలా ఊగుతుంది. అప్పుడు 648 స్కేలు గాని, లావు స్ట్రింగ్స్ గాని కావాలి. పీఆర్‌ఎస్ గిటార్లలో చాలావాటికి 635 ఉంటుంది, రెంటికీ నడిమి.

బ్రిడ్జి: ఇక్కడే నేను దెబ్బతిన్నాను

నా రెండో గిటార్ ఫ్లాయిడ్ రోజ్ రకం బ్రిడ్జి ఉన్నది. సెకండ్ హ్యాండ్‌లో చవకగా వచ్చింది. బార్ నొక్కితే స్వరం పాతాళానికి పోయి మళ్లీ శ్రుతిలోకి వస్తుంది, దానికే పడిపోయాను. ఈ బ్రిడ్జి గాలిలో తేలుతుంది. ముందు ఆరు స్ట్రింగ్స్ ఒక వైపు లాగుతుంటే వెనక స్ప్రింగులు ఇంకో వైపు లాగుతాయి, ఆ రెండు బలాలు తూకంగా ఉంటేనే శ్రుతి నిలుస్తుంది.

ఒక కాలేజీ ఫెస్ట్‌లో రెండో పాట మధ్యలో జి స్ట్రింగ్ తెగింది. తూకం పోయింది. మిగిలిన అయిదు స్ట్రింగ్స్ ఒక్కసారిగా పైకి పోయాయి, ఒక్క కార్డు కూడా కార్డులా లేదు. నట్ దగ్గర స్ట్రింగ్స్‌ని బిగించిన లాక్‌లు విప్పడానికి అలెన్ కీ కావాలి, అది ఇంట్లో ఉంది. మా బేసిస్ట్ నా వైపు చూసి పెదవులతో "ఏమైందిరా" అన్నాడు. పాట చివరిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాను. డ్రాప్ డికి వెళ్లాలన్నా అంతే. ఒక స్ట్రింగ్ దించితే మిగిలినవి పెరుగుతాయి. రెండో గిటార్ ఏ పని కోసం కొన్నానో సరిగ్గా ఆ పనికే అది పనికిరాలేదు.

అలా బార్ నొక్కి స్వరాన్ని పాతాళానికి దించే డైవ్ బాంబులే మీ ప్రాణమైతే తీసుకోండి, వద్దనను. కాని వరంగల్‌లో దాన్ని నమ్మకంగా సెట్ చేసి ఇచ్చేవాళ్లు నాకు దొరకలేదు. ప్రతిసారీ హైదరాబాద్ పరుగెత్తలేం. లేదంటే మీరే నేర్చుకోవాలి. అందుకే రెండో గిటార్‌కు నా ఓటు కదలని బ్రిడ్జికే. లెస్ పాల్, ఎస్‌జీ రకాల మీద ఉండేది, టెలికాస్టర్ మీద ఉండేది, లేదా ఐబనెజ్‌లో స్థిర బ్రిడ్జి ఉన్న మోడళ్లు. స్ట్రింగ్ మార్చడం పది నిమిషాలు, శ్రుతి మార్చడం అర నిమిషం.

ఏదానికి ఏది జత

ఇప్పుడు మీ నోట్‌బుక్ పక్కన పెట్టి చదవండి.

మొదటిది మూడు సింగిల్ కాయిల్స్ ఉన్న స్ట్రాట్ రకం అయితే, రెండోది రెండు హంబకర్లు, స్థిర బ్రిడ్జి ఉన్నది. ఎపిఫోన్ లెస్ పాల్, ఎపిఫోన్ ఎస్‌జీ, పీఆర్‌ఎస్ ఎస్‌ఈ, కోర్ట్, ఐబనెజ్, యమహా రెవ్‌స్టార్, ఇవన్నీ ఈ వర్గంలో చూడదగ్గవే. రాక్ వాయించే పదిమందిలో ఎక్కువమందికి నేను చెప్పేది ఈ జతే.

మొదటిది పెద్ద కంపెనీ స్ట్రాట్ కాదు కాబట్టి రెండోది పెద్ద కంపెనీ స్ట్రాట్ కొందామనుకుంటే, అది రెండో గిటార్ కాదు, మొదటి గిటార్‌నే మళ్లీ కొనడం. మంచి గిటారే వస్తుంది. నోట్‌బుక్‌లో రాసుకున్న లోటు మాత్రం అలాగే మిగిలి ఉంటుంది.

మొదటిది హంబకర్లున్న మెటల్ రకం అయితే తిరగేయండి: టెలికాస్టర్ రకం గాని, స్ట్రాట్ గాని. స్క్వయర్‌దైనా సరే, అది ఫెండర్ వాళ్ల చవక బ్రాండే. ఈ రకం క్లీన్‌లో గలగలా పలుకుతుంది, కార్డులో ప్రతి స్ట్రింగ్ విడివిడిగా వినబడుతుంది. గెయిన్ తగ్గించి వాయించే క్లాసిక్ రాక్ రిథమ్‌కు టెలీ లాంటిది లేదని నా అభిప్రాయం, మా బేసిస్ట్ ఒప్పుకోడు.

మొదటిది యమహా పసిఫికా 112 లాంటిది, అంటే బ్రిడ్జి దగ్గర హంబకర్, మిగతా రెండు సింగిల్ కాయిల్స్ ఉన్నదైతే, మీ దగ్గర ఇప్పటికే గిటార్ ఒకటిన్నర ఉంది. తొందరపడకండి. ట్యూనింగ్ కోసమో స్పేర్ కోసమో తప్ప అవసరం రాకపోవచ్చు. ఆ డబ్బుతో మంచి యాంప్ కొంటే ఎక్కువ తేడా వినిపిస్తుంది. పది వాట్ల డబ్బా యాంప్‌లో ఏ గిటారైనా సగమే పలుకుతుంది.

బరువు గురించి ఒక మాట. స్ట్రాట్‌లు మూడున్నర కిలోల దగ్గర ఉంటాయి, లెస్ పాల్‌లు నాలుగు, నాలుగున్నర దాకా పోతాయి. గంటన్నర నిలబడి వాయిస్తే ఆ కిలో భుజానికి తెలుస్తుంది. ఏసీ/డీసీ ఆంగస్ యంగ్ వాయించే ఎస్‌జీ రకం పలచగా, తేలికగా ఉంటుంది, కొన్నింటిలో చెయ్యి వదిలితే నెక్ కిందికి వాలుతుంది. వెడల్పాటి, గరుకు బెల్టు వేస్తే ఆగుతుంది. గిబ్సన్, ఎపిఫోన్ రకాలకు తల వెనక్కి వంగి ఉంటుంది. గోడకు ఆనించి పెట్టింది జారి పడితే విరిగేది సరిగ్గా ఆ మెడ దగ్గరే. స్టాండు కొనకుండా ఆ రకం గిటార్ కొనకండి.

డబ్బు, కొనే చోటు

చేతిలో 30 వేలు ఉంటే 30 వేల గిటార్ వెతకొద్దు. 25 వేలలో చూడండి. మిగిలింది సెటప్‌కు, రెండు సెట్ల స్ట్రింగ్స్‌కు, బెల్టుకు, దళసరి గిగ్ బ్యాగ్‌కు పోతుంది.

హన్మకొండ, వరంగల్ మ్యూజిక్ షాపుల్లో ఎక్కువగా అకౌస్టిక్ గిటార్లు, కీబోర్డులు ఉంటాయి. ఎలక్ట్రిక్‌లు ఉన్నా ఒకటి రెండే. స్ట్రింగ్స్, కేబుళ్లు ఇక్కడే కొనండి, అవసరానికి ఆదుకునేది వాళ్లే. గిటార్ కోసం మాత్రం ఒకరోజు హైదరాబాద్ పెట్టుకోండి. కాజీపేటలో పొద్దున్నే రైలెక్కితే షాపులు తెరిచే వేళకు సికింద్రాబాద్‌లో ఉంటారు. వారాంతం వద్దు, రద్దీలో ఎవరూ మిమ్మల్ని గంటసేపు వాయించనివ్వరు. మంగళవారమో బుధవారమో వెళ్లండి. మీ కేబుల్, మీ పిక్, మీరు వాడే పెడల్ ఉంటే అదీ తీసుకెళ్లండి.

షాపులో ముందు యాంప్‌కు పెట్టకుండా వాయించండి. కార్డు కొట్టి బాడీ మీద పొట్ట ఆనించి చూడండి, మంచి గిటార్ ప్లగ్ చేయకముందే వణుకుతుంది. తర్వాత మీరు ఇంట్లో వాడే రకం యాంప్ అడగండి. మీ దగ్గర చిన్న యాంప్ ఉంటే షోరూంలో పెద్ద వాల్వ్ యాంప్ మీద విని మోసపోకండి. మీకు వచ్చిన పాటలే వాయించండి. షాపులో అందరూ వింటున్నారని రాని సోలో ఎత్తుకుంటే గిటార్ గురించి ఏమీ తెలియదు, టెన్షన్ మాత్రం మిగులుతుంది.

ఆన్‌లైన్‌లో అయితే వాపసు గడువు ఎన్నాళ్లో చూసుకుని, డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి. ఫోటోలో కనబడేది ఒక గిటార్, మీకొచ్చేది ఇంకో గిటార్. మోడల్ ఒకటే అయినా నెక్ వేరు, బరువు వేరు.

సెకండ్ హ్యాండ్

సరైన ధరకు సరైన గిటార్ దొరికేది చాలాసార్లు ఇక్కడే. చదువులు పూర్తయ్యే ఏప్రిల్, మే నెలల్లో ఎన్‌ఐటీ వైపు హాస్టళ్లలో అమ్ముడుపోయే సామాన్లలో గిటార్లు కూడా ఉంటాయి. కాకపోతే కళ్లు తెరుచుకుని చూడాలి.

ఒకసారి ఒక కుర్రాడు మంచం మీద గిటార్ పెట్టి "ఎక్కువ వాయించలేదన్నా, మూలకే ఉండె" అన్నాడు. నేను నెక్ మీద ఫోన్ టార్చి పక్కగా వేసి చూశాను. మొదటి మూడు ఫ్రెట్ల మీద, జి, బి స్ట్రింగ్స్ కిందే, గోరు దిగేంత గుంటలు. మూలకున్న గిటార్‌కు ఫ్రెట్లు అరగవు. ధర సగానికి దిగింది గాని, ఫ్రెట్లు మార్పించాలంటే ఆ మిగిలిన సగమూ అవుతుందని వదిలేశాను.

మీరు చూసేటప్పుడు ఈ వరసలో పోండి. వడ్లాయన చెక్కను కంటికి ఆనించి చూసినట్టు, బాడీ వైపు నుంచి నెక్ అంచు మీదుగా చూడండి. కొంచెం లోపలికి వంపు మంచిదే, మెలి తిరిగి ఉంటే మాత్రం ఆ గిటార్‌కు దండం పెట్టి రండి. నెక్ అంచు మీద వేలు జారించండి. వరంగల్ ఎండలకు చెక్క ఆరి కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు ముళ్లలా పొడుచుకొస్తాయి. చిన్న ఆకురాయితో పోయే లోపమే, బేరానికి మాత్రం పనికొస్తుంది. తల వెనక, నట్ కింద రంగులో సన్న గీత ఉందేమో చూడండి. అది విరిగి అతికిన మెడ కావచ్చు. ఒక్కో స్ట్రింగ్ మీద ఒక్కో ఫ్రెట్ వాయించండి, అన్నీ, బద్ధకించకుండా. సన్న స్ట్రింగ్‌ని 12 నుంచి 17 దాకా ప్రతి ఫ్రెట్ మీద ఒక పూర్తి స్వరం పైకి వంచండి. మధ్యలో గొంతు నొక్కినట్టు ఆగిపోతే ఫ్రెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, లేదా యాక్షన్ మరీ కిందికి ఉంది.

యాంప్‌కు పెట్టి స్విచ్‌ని అన్ని స్థానాల్లో తిప్పండి. చిన్న స్క్రూడ్రైవర్ కొసతో పికప్ మీద మెల్లగా తట్టితే టక్‌మని వినబడాలి, హంబకర్ అయితే రెండు వరసల మీదా తట్టి చూడండి, ఒకటి చచ్చి ఉండొచ్చు. నాబ్ తిప్పితే కరకరమంటే దుమ్ము, క్లీనర్ స్ప్రే కొడితే పోతుంది. జాక్ వదులుగా ఉంటే సాకుగా చెప్పి ధర తగ్గించుకోండి, నట్టు బిగిస్తే చాలావరకు సరిపోతుంది.

పదిహేను వేలకు గిబ్సన్ లెస్ పాల్ అమ్ముతున్నారంటే అది గిబ్సన్ కాదు. తల మీద పేరు అతికించిన నకలు. నకలు కూడా బాగా పలకొచ్చు, పలికితే నకలు ధరకే అడగండి.

ఇంటికి తెచ్చాక

ఉప్పల్ నుంచి బస్సులో వస్తుంటే డిక్కీలో వేయకండి. మోకాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకోండి. పక్కన కూర్చున్నాయన "ఏంది తమ్మీ, వీణా?" అంటే అవునని చెప్పడం తేలిక.

మే నెల మధ్యాహ్నం కారులో వదిలేయొద్దు. ఎండాకాలంలో, మళ్లీ వానలు పడ్డాక, నెక్ వంపు కొంచెం మారుతుంది. రుతువు మారినప్పుడల్లా ఒకసారి ఆ విజిటింగ్ కార్డు పరీక్ష చేసి అవసరమైతే ట్రస్ రాడ్ పావు చుట్టు తిప్పుకోండి. వానాకాలంలో వాయించాక స్ట్రింగ్స్‌ని పాత కాటన్ గుడ్డతో తుడవండి, నెలకు తుప్పు పట్టేవి రెండు నెలలు వస్తాయి.

ఏ గిటార్ ఏ ట్యూనింగ్‌లో ఉండాలో మొదటి వారంలోనే తేల్చి అలాగే వదిలేయండి. మాటిమాటికీ మారిస్తే రెండు గిటార్లున్నా ఒకటి ఉన్నట్టే. నేను ఇప్పుడు హంబకర్ దాన్ని డ్రాప్ డిలో 10-46 వేసి ఉంచుతున్నాను, పాత స్ట్రాట్ రకం మామూలు శ్రుతిలో 9-42తో ఉంటుంది.

చివరగా యాంప్. హంబకర్ బలమైనది కాబట్టి పాత గిటార్‌కు సరిపోయిన గెయిన్ దీనికి ఎక్కువవుతుంది, మధ్యలో గిటార్ మారిస్తే మీ శబ్దం సింగర్‌ని మింగేస్తుంది. ప్రాక్టీసులోనే రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, సింగర్‌ని దూరంగా నిలబెట్టి, రెండూ సమానంగా వినబడేలా గెయిన్, వాల్యూమ్ కుదుర్చుకోండి. ఏ గిటార్‌కు ఎంతో యాంప్ మీద నాబ్‌ల పక్కన తెల్ల టేపు ముక్క అతికించి స్కెచ్ పెన్‌తో గీత పెట్టుకోండి. స్టేజీ చీకట్లో అంకెలు కనబడవు, గీతలు కనబడతాయి.